ఐదిళ్ల ఏకాభిప్రాయం

ఆస్ట్రేలియా రాజధాని శివారు గంగాలిన్‌లో ఒకే పెరడును పంచుకునే ఐదిళ్లలో ఒకటి దీక్షిత్‌ది. మిగతా నాలుగిళ్లవాళ్లు మలేషియా, ఇండోనేషియా, వియత్నాం, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు. అతని భార్య భానుశ్రీ ఆఫీసులో చూసేవి కూడా ఆ దేశాల కూటమి ఫైళ్లే. ఆదివారం అందరూ కలిసి నిప్పుల మీద కాల్చుకుని తినే బార్బీ విందు పెట్టుకుందామని ఇళ్లవాళ్లంతా మీటింగ్ పెట్టుకుంటే, ఆమె వెళ్లి అప్పుడే తిరిగొచ్చింది.

"ఏమైంది? మలేషియా ఆంటీ, ఇండోనేషియా ఆంటీ మాట్లాడుకున్నారా?"

"మొదట్లో లేదు. సాటే కబాబ్ మాదంటే మాదని నెల నుంచి మొహాలు చూసుకోవట్లేదుగా. అందుకే మా కూటమి రూలే పెట్టాను. అందరూ ఒప్పుకుంటేనే పాస్. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది."

"అయితే ఏదీ పాసవలేదన్నమాట."

"ఒకటి పాసైంది. అది ఎజెండాలోకి వచ్చేసరికి ఆంటీలిద్దరూ ఒక్కటైపోయారు. ఒకళ్లు మొదలుపెట్టిన మాట ఇంకొకళ్లు పూర్తిచేశారు. ఆదివారం పక్కపక్కనే కూర్చుంటారట."

"మంచిదే కదా. ఇంతకీ ఏమిటది?"

"నువ్వు వీకెండ్ పొద్దున్నే పెరట్లో మైక్ పెట్టి పాడటం మానెయ్యాలని."

దీక్షిత్ నోట్లో టీ ఒక్కసారిగా చప్పబడింది.

"ఐదిళ్లూ ఒప్పుకున్నాయా?"

"ఏకగ్రీవంగా."

"ఒక్కరు కాదన్నా ఆగిపోతుందన్నావుగా. నువ్వు కాదనొచ్చుగా?"

భానుశ్రీ అతని కప్పులో ఇంకొంచెం టీ పోసి, భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది.

"ఎలా అంటాను? ఎజెండాలో పెట్టిందే నేను."