గోడవైపు తిరిగిన సామి

మెక్సికోలో ఒక నగరం అంచున కొండపేట. వానలిచ్చే సాన్ ఇసీద్రో పండగ రేపే. ముసలి క్రిసాంతా ఇంట్లో ఉన్న ఆ సామి బొమ్మ కోసం పక్కింటి నియేవెస్ వచ్చింది.

“అదంతా కాదు పిన్నీ, సామిని ఇస్తావా ఇవ్వవా? అది చెప్పు.”

“ముందు కూర్చోవే. కాఫీ తాగుతావా?”

“కాఫీకి నీళ్లెక్కడివి నీ దగ్గర?”

“అదీ నిజమే.”

“ట్యాంకరు మొహం చూసి ఎన్నాళ్లయింది! మా చంటాడికి ఒళ్లంతా పొక్కులు. తడిగుడ్డతో తుడుద్దామన్నా దిక్కు లేదు. రేపు సాన్ ఇసీద్రోని ఊరేగిస్తే ఆయన కరగడా అని పేటంతా అనుకున్నాం.”

“గుళ్లో ఒకడున్నాడుగా. వాణ్ణి మోయండి.”

“అది అంగట్లో కొన్న సున్నపు బొమ్మ. మీ ఊరాయన చెక్కలో చెక్కినవాడు, పాతవాడు. ఆయన కదిలితే మబ్బు కదులుతుందని చెప్పింది నువ్వు కాదూ?”

“ముసలిదాన్ని. ఏదో వాగుతుంటా.”

“ఇదిగో, మాట మార్చకు.”

“మార్చడానికేముందే. ఈ నగరం మొదట ఊటలు తాగింది. ఊటలెండితే చెరువు తాగింది. చెరువు బురదయ్యాక మా ఏటి మీద పడింది. ఏటికి అడ్డంగా డ్యాం కట్టారు, మా ఊరు అడుక్కి పోయింది. మొదటి కుళాయి మీకేనమ్మా అని ఇంజనీరు నా భుజం మీద చెయ్యేసి మరీ అన్నాడు. డ్యాం నీళ్ల గొట్టం మన కొండ కిందినుంచే పోతోంది. నేలకి చెవి ఆనిస్తే చప్పుడు వినిపిస్తుంది. బంగళాల తోటలకి పోతుంది, మనకి చప్పుడే.”

“వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. అందుకే అంటున్నా, ఆ డ్యాం నిండితే మన ట్యాంకరుకి నాలుగు చుక్కలైనా రావా?”

“నిండితే.”

“నిండాలిగా మరి!”

“ఆయన అంగీ ఎలుక కొరికింది. చినిగిన బట్టతో ఎలా ఊరేగిస్తారు?”

“నేను కుడతాగా. ఏడీ? అదేంటి, ఆయన్ని గోడవైపు తిప్పి నిలబెట్టావు?”

“ఊరికే.”

“ఊరికే ఏంటి, మా అమ్మమ్మా ఇంతే. అడిగింది సామి ఇవ్వకపోతే గోడవైపు తిప్పేది, ఇచ్చేదాకా మొహం చూసేది కాదు. అమ్మ దొంగా! వాన పడలేదని నువ్వూ శిక్ష వేశావన్నమాట. మరి ఇవ్వడానికేం?”

“శిక్ష వేసిన మాట నిజమే.”

“మరి?”

“ఈమధ్య డ్యాం దగ్గరికి వెళ్లావా?”

“ఏముందక్కడ, బీటలు తప్ప.”

“ముందు మా గుడి గంట గోపురం తేలింది. తర్వాత గోడలు. పోయిన ఆదివారం వెళ్తే శ్మశానంలో పైవరస బయటపడింది. నా దెల్ఫీనాది కిందివరస.”

“దెల్ఫీనా ఎవరు?”

“నా కూతురు. జ్వరమొచ్చి పోయింది, నడక వచ్చిన ఏడాదే. ఊరు ముంచే ముందు రాతి సమాధులన్నీ తవ్వి పైకి తెచ్చారు. నా పిల్లకి ఉన్నది చెక్క శిలువ. మట్టిదిబ్బ లెక్కలోకి రాదన్నారు. కాళ్లు పట్టుకున్నాను. అయినా ఊరి మీదికి నీళ్లు వదిలేశారు.”

“పిన్నీ...”

“ఇన్నేళ్లూ ఈ నగరం తాగిన ప్రతి గుక్కా నా పిల్ల మీంచి వచ్చిందే. నీళ్లు ఇంకొక్క మనిషి లోతు దిగితే చాలు. చేతులతోనైనా తవ్వి తెచ్చుకుంటాను.”

“మా చంటాడి సంగతి?”

“తెలుసే. వాడి ఏడుపు గోడ అవతల రోజూ వింటున్నాను. అయినా ఇవ్వను.”

“వాన కోసం కాకపోతే ఆయన్ని ఎందుకు తిప్పావు మరి?”

“మొన్న సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి కదే, మీరంతా గిన్నెలు పట్టుకుని వీధిలోకి పరిగెత్తారు. ఆ చినుకులు పంపినందుకే తిప్పాను.”