తువ్వాలు కప్పుకున్న ఎస్సై

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న డీఎస్పీ వెంకటకృష్ణ గారికి, నా గురించి ఇన్ని మంచి మాటలు చెప్పి చివరికి నన్నే నమ్మించిన పెద్దలకు, బోనకల్ నుంచి, కల్లూరు నుంచి డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన నా శిష్యులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా వారికి ఇన్‌స్పెక్టర్ ఉదయశ్రీ నమస్కారాలు. ఈ ఒక్క సాయంత్రమే ఇన్‌స్పెక్టర్‌ని. రేపటి నుంచి ఇంట్లో ఆయన చెప్పినట్టు వినాలట. చూద్దాం. (నవ్వులు)

ఈ ట్రైనింగ్ హాల్లో నేను చెప్పింది ఒకటే పాఠం. అత్యాచారం కేసు కానీ, ఇంట్లో మొగుడు కొట్టిన కేసు కానీ, వచ్చినామె చెప్పేది ఎలా వినాలి అన్నది. ఇంతోటి దానికి మూడు రోజులా అని మొదటిరోజు మీరంతా మొహాలు ముడుచుకుని కూర్చున్నవాళ్లే. అవునా, కాదా? అదిగో, కానిస్టేబుల్ దీపిక తల దించుకుంది! అందుకే పుస్తకం పక్కన పెట్టి నాటకం ఆడించేదాన్ని. మీసాలున్నవాళ్లకే బాధితురాలి వేషం. కిందటేడు ఆ వేషం ఇల్లందు వైపు నుంచి వచ్చిన ఎస్సై అనిల్‌కుమార్‌కు పడింది. లే నాయనా, నిన్ను అందరూ చూడాలి. అతన్ని అడిగే చెబుతున్నాను లెండి.

తల మీద తువ్వాలు కొంగులా కప్పుకుని కూర్చున్నాడు, పెళ్లిచూపులకు వచ్చినట్టు. (నవ్వులు) కథ ప్రకారం ఆమెకు తెలుగు రాదు, విచారణకు వచ్చిన పోలీసుకు ఆమె భాష రాదు. మధ్యలో తెలుగు చేసి చెప్పేది మొగుడి అన్న. ఆ వేషం కానిస్టేబుల్ రమణది. మన అడవి అంచు గూడేల్లో తరచూ జరిగేదే ఇది. మంచం వాల్చి, నీళ్లిచ్చి, "నేను చెప్త సార్" అని మర్యాదగా ముందుకొచ్చేది ఆ ఇంటి మగవాడే.

మొగుడు కట్టెతో కొట్టాడని, చెయ్యి విరిగిందని అనిల్ ఏడ్చి ఏడ్చి చెప్పాడు. రమణ చల్లగా, "ఏం లేదంట సార్, చెట్టెక్కి పడ్డదంట" అన్నాడు. అనిల్‌కు నిజంగానే కోపమొచ్చింది. "ఏందిరా! గింతసేపు మొత్తుకుంటే రెండు ముక్కల్ల తేల్చేస్తవా?" అని తువ్వాలు విసిరికొట్టి లేచాడు. అందరం పడీపడీ నవ్వాం. అతను మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయి, బయటికి వెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాం.

అలగలేదు. అంతకు నెల ముందు ఒక గూడెంలో, చెయ్యి విరిగిన ఒకామె బావగారి నోట అచ్చం ఆ మాటే విని, రాసుకుని, కేసు మూసేసి వచ్చాడు. ఆమె పేరు, ఊరు పేరు చెప్పను. చెబితే నా పాఠం నాకే రానట్టు. మా నాటకం మర్నాడు పొద్దున్నే మళ్లీ అక్కడికి వెళ్లాడు. జీపు రోడ్డు మీదే వదిలేసి, దీపికను, ఆ భాష తెలిసిన పక్క గూడెం అంగన్‌వాడీ టీచరమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, ఇంటి మగవాళ్లు లేనిచోట ఆమెను కూర్చోబెట్టాడు. ఆమె ముందుగా ఒక్కటే అడిగిందట.

"మొన్న నేను చెప్పిందంతా ఆయన నీకు చెప్పలేదా సారూ?"



నెల రోజులు ఆమె పోలీసులు అంతా విన్నారనే అనుకుంది. విని కూడా వెళ్లిపోయారనుకుని, అదే ఇంట్లో అదే మనిషితో ఉంది.

ఆ రోజు పొద్దుగూకేదాకా చెప్పిందట. ఇప్పుడు పుట్టింట్లో ఉంది, చెయ్యి నయమైంది, కేసు నడుస్తోంది.

వెంకటకృష్ణ గారూ, ఈ నాటకాలెందుకు, గంటసేపు వీడియో వేస్తే చాలదా అన్న ఆలోచన ఒకటి మీ ముందుకు వచ్చిందని విన్నాను. రిటైరయ్యే రోజు అడగడం పద్ధతి కాదు. కానీ రేపు వస్తే నన్ను గేటు దగ్గరే ఆపేస్తారు కదా! (నవ్వులు) ఆమె చెప్పడానికే ఒక పగలు పట్టింది సార్. మనం వినడం నేర్చుకోవడానికి గంట చాలుతుందా? మూడు రోజులూ ఉంచండి. పాఠం అనిల్ చెబుతాడు. తల అడ్డంగా ఊపకు నాయనా.

(డీఎస్పీ గారు మైకు లేకుండానే: "ఉంటది మేడమ్. మూడు రోజులూ ఉంటది." చప్పట్లు)

ఇంకేం కావాలి నాకు! శాలువా కప్పినవారికి, భోజనాలు వండించినవారికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మా వారు మళ్లీ గడియారం చూస్తున్నారు. అనిల్, ఇలా రా. నువ్వు విసిరికొట్టిన తువ్వాలు ఇదిగో, ఉతికి దాచాను. సోమవారం క్లాసులో రమణకు కప్పు.

సెలవు.