చచ్చిన ముసలమ్మ లేచి కూసున్న పుస్తకం

గీ కథ నాకు మొట్టమొదలు చెప్పింది శ్యామ్‌సుందర్. అబిడ్స్‌ల ఆదివారం ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతడు చూడు, గాయననే. నేను చేసిన పనిని నాకే వచ్చి కథ లెక్క చెప్పిండు. చెప్తే చెప్పిండు, అండ్ల నా పేరు తీసేసి భావనారాయణ మాస్టరు పేరు పెట్టిండు. గందుకే ఇయ్యాల నాంపల్లి హోటల్ల, గీ బల్ల మీద కూసొని, మొదటికెళ్ళి చెప్తున్న. విజయేందర్, నువ్వు జర ఆ పేపరు మడిచి పక్కకు పెట్టు. బిడ్డా మనస్వినీ, నువ్వు నోటుబుక్కు తెరువు.

గీ పిల్ల ఎనిమిదో తరగతి. దస్తూరి ముత్యాలు పేర్చినట్టుంటది. హిమాయత్‌నగర్‌ల మాస్టరు పెట్టిన పిల్లల లైబ్రరీకి వచ్చే ఆదివారం ఏడాది నిండుతదట. గోడకు పెద్ద కాయితం అంటిస్తరట. పిల్లలకు బొమ్మల నవలల రుచి చూపిచ్చినాయన ఎవరో అండ్ల పేరు పెట్టి రాస్తరట. ఒక్క పేరే. రాసేది గీ పిల్లనే. ఎవరి పేరు రాయాల్నో అడిగి తెలుసుకుందామని వచ్చింది. మంచి పని చేసింది. రాసేటోళ్ళకు అసలు సంగతి తెల్వాలె.

నేను బైండింగు పనోణ్ణి. బిచ్చయ్య అంటే నాంపల్లిల తెల్వనోళ్ళు లేరు. యాభై ఐదేండ్లు పుస్తకాలు కుట్టిన. చదివింది మూడో తరగతి, అది గూడ పూర్తి గాలె. తెలుగు కూడబలుక్కొని చదువుత, ఇంగ్లీషు రాదు. రాదని నాకెన్నడు సిగ్గు లేకుండె. సిగ్గు పెట్టింది మాస్టరు. తొంభై మూడుల, వానకాలం, బుధవారం. వాళ్ళ బడి డిక్షనరీ కుట్టిచ్చుకోనీకి వచ్చి, పది మంది ముందట, పుస్తకానికి అట్ట వేయడం వేరు బిచ్చయ్య గారూ, పుస్తకం చదవడం వేరండీ అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. గారూ అనే అన్నడు. గదే ఇంకా మండింది. వాళ్ళ నాయిన యాభై ఆరుల తెనాలి దిక్కుకెళ్ళి వచ్చిండట, వచ్చేటప్పుడు మాటలకు వెన్న గూడ తెచ్చుకున్నట్టున్నడు. డిక్షనరీ మాత్రం మంచిగనే కుట్టి ఇచ్చిన. పని మీద కోపం చూపెట్టేటోణ్ణి గాదు.

గా బుధవారం నుంచి చదువుడు షురూ చేసిన. అక్షరాలు గాదు. బొమ్మలు.

— బొమ్మలు చూసుడును చదువుడు అనరు బిచ్చయ్యన్నా.

విజయేందర్, నువ్వు ముప్పై ఏండ్లు ఆఫీసుల ఫైళ్ళు చదివినవ్. ఒక్క ఫైలన్న నిన్ను ఏడిపిచ్చిందా? నవ్విచ్చిందా? మరి గది చదువుడు ఎట్లయితది?

నా పద్ధతి చెప్త, రాసుకో బిడ్డా. బొమ్మల నవల చేతికొస్తే ముందుగాల మాటల బుడగలను బొటనవేలితోని మూసెయ్యాలె. మూసినంక గూడ కథ నడవాలె. నడిస్తే గది పుస్తకం, నడవకుంటే గది బొమ్మలంటిచ్చిన ఉపన్యాసం. చిన్న పిల్లల పుస్తకాలల్ల ఏం చేస్తున్నరంటే, కుందేలు ఎగురుతున్న బొమ్మ గీసి, పక్కపొంటి కుందేలు ఎగిరింది అని రాస్తున్నరు. ఎందుకు? పోరగాండ్లకు కండ్లు లేవా? పెండ్లి బస్సుల చుట్టాలను కుక్కినట్టు బుడగల మాటలు కుక్కుతరు, పాపం ఆ కుందేలు పోయి మూలకు నిలబడుతది. ఇగ ఆఖరి పేజీల నీతి ఒకటి. కథంత కమ్మగ తినిపిచ్చి, చివరికి చేదు గోళి మింగిచ్చినట్టు.

పెద్ద పిల్లల పుస్తకాల ఇలాకా వేరు, గీ పిల్ల ఈడోళ్ళవి. వాళ్ళకు అన్ని చూపెట్టొద్దు. గా వయసుల అద్దంల చూసుకుంటే వాళ్ళ ముఖమే వాళ్ళకు పూర్తిగ తెల్వదు, గందుకే సగం ముఖం నీడల వదలాలె. ఒక పేజీ నిండ ఉత్త వాన పడాలె, ఎవ్వరు మాట్లాడొద్దు. కండలు తిరిగినోడు బంగ్లాలు కూలగొట్టే పుస్తకాలు నాకు నచ్చయ్, వాడు ఒక్కసారన్న ఏడుస్తడేమో అని ఆఖరు దాంక చూస్త, ఏడ్వడు. దొంగను గీస్తే దొంగ ఆకలి గూడ గీయాలె. ఇంకొకటి. ఒక బొమ్మ గడికీ ఇంకో గడికీ నడుమ తెల్ల సందు ఉంటది చూడు, అందరు దాన్ని ఖాళీ జాగా అనుకుంటరు. ఒక గడిల పిల్లగాడు తలుపు బయట నిలబడి ఉంటడు, రెండో గడిల లోపట కూసొని ఉంటడు. తలుపు తీసిందెవరు? గీసినాయన తీయలె. చదివేటోడే తీసిండు. బొమ్మల నవలల ఉన్న తలుపులన్ని మనమే తీసుకుంట పోవాలె. గది సమజైన దినం నాకు అన్నం పోలె.

ఒక ఆదివారం అబిడ్స్‌ల ఒకామె పిల్లకు పుస్తకం కొనాల్నా వద్దా అని చూస్తుంటే, నేను మాటలు మూసి కథంత చెప్పిన. ఆమె చదివి చూసుకుంది, ఒక్క ముక్క తప్పు లేదు. గంతే. తర్వాతి ఆదివారం పది మంది పిల్లలు వచ్చిన్రు. ఆ పై ఆదివారం నా ముందట లైను పెద్ద పోస్టాఫీసు కాడ మొదలై మొజంజాహీ మార్కెట్ దాంక పోయింది. పోను పోను వేలు పెట్టుడు గూడ అక్కర లేకపాయె. మూసిన పుస్తకం అట్లనే అరచేతిల పెడితే చెప్పేస్తుంటి. ఏడ్చే పేజీలు జర బరువుంటయ్, తెలుస్తది. ఒకనాడు పుస్తకాల మూట ఇంక విప్పలె, వాసన చూసి చెప్పిన, గీ పుస్తకంల కుక్క బతుకుతది, తాత బతకడు అని. విప్పితే అట్లనే ఉండె.

— కుక్క పేరు గూడ చెప్పినవా అన్నా?

పేరు అక్షరాలల్ల ఉంటది విజయేందర్. అక్షరాల జోలికి నేను పోను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోయిన వానకాలం శ్యామ్‌సుందర్ ఆటోల నలభై పుస్తకాలు వేసుకొచ్చి నా ముందట పోసిండు. జపాను దేశం బొమ్మల నవల. మాటలు ఇంగ్లీషుకు మార్చిన్రు. నలభైకి నలభై ఒకే పుస్తకం. కొన్నోళ్ళందరు వాపస్ తెచ్చి పడేస్తున్నరట, అట్ట ఉల్టా ఉన్నదని. చూస్తే, ఔ, ముందటి అట్ట వెనుక దిక్కుంది, వెనుకటిది ముందటుంది. నా లెక్క నాకుంది. ఉర్దూ పుస్తకమైతే కుడి దిక్కుకెళ్ళి తెరుచుకుంటది, ఇంగ్లీషుదైతే ఎడమ దిక్కుకెళ్ళి. నాంపల్లిల రెండు తీర్లవి కుట్టిన చెయ్యి ఇది. ఇంగ్లీషు అక్షరాలుండి అట్ట గట్లుందంటే, కుట్టినోడు సోయిల లేడన్నట్టు. దబ్బనం తీసిన. నలభైటికి అట్టలు ఊడదీసి, ముందటిది ముందటికి తెచ్చి, వెనుకటిది వెనుకకు పెట్టి, ఎర్ర దారంతోని మళ్ళ కుట్టిన. మూడు దినాలు పట్టింది. బండికి కట్టి చాదర్‌ఘాట్ దాంక ఈడ్చుకపోయినా ఒక్క కాయితం ఊడదు.

ఆఖరి పుస్తకం కుట్టినంక, వేలు పెట్టి తెరిచిన. ఏం చెప్పాలె బిడ్డా.

మొదటి పేజీలనే ఒక ముసలమ్మ మంచం మీద చచ్చిపోయి ఉంది. చుట్టూ మనుషులు తలలు వంచుకొని నిలబడ్డరు. పిల్లల పుస్తకంల మొదలే చావు పెట్టిండంటే ఎంత గుండె ఉండాలె అనుకున్న. రెండో పేజీల ఎవ్వరు లేరు, కిటికీకెళ్ళి వెలుతురొచ్చి ఆమె చెయ్యి మీద పడ్డది. మూడో పేజీల ఆ చెయ్యి దుప్పటి పట్టుకుంది. బుడగ మీద పెట్టిన నా వేలు గూడ కదిలింది. ఆమె కండ్లు తెరిచింది. లేచి కూసుంది. పది పేజీలకు చేతికర్ర మాయమైంది. ఇంకో పది పేజీలకు తెల్ల జుట్టుల నల్లపోగు ఒకటి కనబడ్డది. నేల మీద ఆకులు, తిప్పితే గాలిల ఆకులు, మళ్ళ తిప్పితే కొమ్మ నిండ ఆకులు. కాలి బూడిదైన ఊరు పొగలకెళ్ళి లేచి నిలబడ్డది, కిటికీలతోని సహా. యుద్ధానికి పోయిన మొగుడు దూరంగ చుక్క లెక్క కనబడి, దగ్గరికి, ఇంకా దగ్గరికి, వీపు ఇటు పెట్టుకొని ఇంటికొచ్చిండు. వచ్చే మనిషిని వీపు దిక్కుకెళ్ళి చూపెట్టిండంటే ఆ గీసినాయనది ఏం తెలివి! గుమ్మం కాడికొచ్చినంకనే ఆమె దిక్కు మల్లిండు. ఆఖరి పేజీల ఆమె ఐదేండ్ల పిల్ల. వాగుల కాళ్ళు పెట్టుకొని నవ్వుతుంది.

యాభై ఐదేండ్లల్ల ఎన్ని వేల పుస్తకాలు నా చేతుల మీదికెళ్ళి పోయినయో, చావును వాపస్ పంపిన పుస్తకం గిదొక్కటే.

తర్వాతి ఆదివారం గా పుస్తకం తీసుకపోయి అబిడ్స్‌ల నడుమ నిలబడి తెరిచిన. ముసలమ్మ కండ్లు తెరిచే పేజీకి బస్సులు ఆగినయ్. జుట్టు నల్లగయ్యే పేజీకి మొజంజాహీ మార్కెట్‌కెళ్ళి ఐస్‌క్రీం తినేటోళ్ళు కప్పులు పట్టుకొని ఉరికొచ్చిన్రు, ఒక్క కప్పుల ఐస్‌క్రీం కరగలె, అది గూడ చూస్తుండె. నాంపల్లి స్టేషన్ల రైలు కూత పెట్టబోయి ఆపుకుంది. ఆకులు కొమ్మకు చేరిన పేజీ తిప్పంగనే, ఫుట్‌పాత్ పక్కన వేపచెట్టు కింద రాలిన ఆకులు ఒక్కటొక్కటే పైకి లేసినయ్. ఒక ముసలాయన నడుము చక్కగై, చేతికర్ర నా కాడనే వదిలేసి పోయిండు. మార్కెట్ గడియారం ముల్లు వెనుకకు తిరిగింది. అందరు తాగేసిన చాయ్ మళ్ళ గిలాసలల్ల నిండింది, పొగలతోని.

— చాయ్ పోసినాయన ఊకున్నడా అన్నా?

ఆయన నా కాళ్ళు మొక్కిండు విజయేందర్. నీకు అన్నిట్ల చాయే కనబడుతది.

నా నెత్తి మీద ఐదు నల్ల వెంట్రుకలు వచ్చినయ్, కావాల్నంటే లెక్కబెట్టుకోండ్రి. ఇగ గా నలభై పుస్తకాలు శ్యామ్‌సుందర్ తీసుకపోయి లైబ్రరీకి ఇచ్చిండు. పిల్లలు నలభై మంది, తలా ఒకటి. ఫోను కిందపెట్టని పోరగాండ్లు, ముసలమ్మ లేస్తుంటే ఊపిరి పట్టుకొని చూసిన్రట, ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదట. గది నిజం. అక్కడున్నోళ్ళే చెప్పిన్రు. ఇంత చేస్తే, శ్యామ్‌సుందర్ అబిడ్స్ అంత తిరిగి ఏం చెప్తున్నడు? మాస్టరు చేసిండు అని. గందుకే రాయి బిడ్డా. బిచ్చయ్య. చ కింద చ ఒత్తు మర్చిపోకు.

రాస్తలేవేంది?

— తాతా, ఒక మాట చెప్తే కోపానికి రావు గదా.

చెప్పు.

— ఆ పుస్తకం మా స్కూల్‌ల గూడ ఉంది. ఎవ్వరు విప్పి కుట్టనిది. జపాన్ పుస్తకం తాతా, మాటలు ఇంగ్లీషుల ఉన్నా కుడి దిక్కుకెళ్ళే చదవాలె. దాంట్ల మొదటి పేజీల పిల్ల వాగుల కూసొని ఉంటది. ఆఖరి పేజీల ముసలామె చచ్చిపోతది. నువ్వు అట్టలు మార్చినవ్ గదా, గందుకే కథ వెనుకకెళ్ళి నడిచింది.

— పేజీ నంబర్లన్న చూడకపోతివా అన్నా?

సగం పేజీలకు నంబర్లు లేవు విజయేందర్. ఉన్నకాడ నా బొటనవేలు ఉండె.

జర ఆగుండ్రి. ఆగుండ్రి. బిడ్డా, అయితే ఆ మొగుడు ఇంటికి రాలేదా?

— రాలేదు తాతా. పోయిండు.

వీపు గందుకే కనబడ్డదన్నట్టు. నేను తెలివి అనుకుంటి.

ఉర్దూ పుస్తకాలు వేలకు వేలు కుట్టిన చెయ్యి. ఒక్కసారన్న అటు దిక్కుకెళ్ళి తెరిచి చూడొద్దా? ఇంగ్లీషు అక్షరం చూసి మోసపోయిన. నలభైట్ల ఒక్కటి తప్పయితే కుట్టినోని తప్పు అనుకోవచ్చు, నలభైకి నలభై ఒకే తీరుగ ఉన్నయంటే గది తప్పు గాదని పనోనికి తెల్వాలె. నాకు తెల్వలె. మాస్టరుకు తెలుసా గీ సంగతి?

— మొదటి రోజే తెలుసు. మేం అడిగితే, నేనే బిచ్చయ్య గారితో అలా కుట్టించాను, పోయినవాళ్ళు తిరిగొస్తే ఎలా ఉంటుందో మీరు చూడాలని, అన్నడు. శ్యామ్‌సుందర్ అంకుల్‌కు గూడ గట్లనే చెప్పిండు. గందుకే ఆయన పేరు వచ్చింది.

ఓహో. గట్ల చెప్పిండా. నవ్వుకుంటనే చెప్పి ఉంటడు. బిచ్చయ్య గారూ అనే అని ఉంటడు.

విజయేందర్, నువ్వేం చెప్పకు. మంచితనమే, నాకు తెల్వదా? కానీ నన్ను అడిగిండా? యాభై ఐదేండ్లల్ల నేను చేసిన పెద్ద తప్పు గిదొక్కటే, దాన్ని గూడ ఆయన తన పేరు మీద రాసుకుంటడా? చావును వాపస్ పంపింది ఏ జపాను ఆయనో గాదన్నట్టు. నా ఎర్ర దారం. ఊపిరి పట్టుకొని చూసిన నలభై మంది పిల్లలు చూసింది నా తప్పును.

బిడ్డా, పెన్ను తీయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, గోడకు అంటిచ్చు, మాస్టరు చదివేటంత ఎత్తుల. ఈ నలభై పుస్తకాలకు అట్టలు తప్పు కుట్టింది నాంపల్లి బిచ్చయ్య. ఎవ్వరు చెప్పి కుట్టియ్యలె. మాస్టరు చెప్పింది అబద్ధం. గా అబద్ధం అన్న మాట జర పెద్దగ రాయి. పిల్లలు రెండో దిక్కుకెళ్ళి గూడ ఒకసారి చదవాలె, ముసలమ్మను ఒకసారన్న సక్కగ పోనియ్యాలె గదా, అని రాయి. రాసినంక నన్ను పిలువు, వచ్చి కూడబలుక్కొని చూసుకుంట. తప్పు అన్న మాట పక్కన నా పేరే ఉండాలె, ఆయన పేరు కనబడొద్దు.