పూలు పెట్టని తోట

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంట్ డాక్టర్ మల్లికార్జున గారికి, వింజమూరు నుంచి ఇంత ఎండలో శ్రమపడి వచ్చిన మన ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అధ్యక్షులు, ముఖ్య అతిథి రామనారాయణ గారికి, డాక్టర్లకు, నాతో పాటు ఈ వార్డుల్లో చాకిరీ చేసిన సిస్టర్లకు, ఆయాలకు, ముందు వరుసలో కూర్చున్న మా తిరుపాలు భార్య మస్తానమ్మకు, అందరికీ నమస్కారం.

ఈ పూట మీరంతా నన్ను చాలా పొగిడారు. ఏంజెలిన్ మేడమ్‌కి ఎంత ఓర్పో అని ఒకాయన అంటుంటే, ఈ ఆసుపత్రిలో ఆ పేరుతో ఇంకొక హెడ్ నర్సు ఎవరున్నారా అని అటూ ఇటూ చూశాను. (నవ్వులు) నా నోటికి భయపడి సెలైన్ బాటిల్ వదిలేసి పారిపోయిన కుర్ర డాక్టర్లు ఇప్పుడు పెద్ద డాక్టర్లై ఇక్కడే కూర్చున్నారు. వాళ్ల పేర్లు చెప్పనులెండి. (నవ్వులు)

రిటైరయ్యే మనిషి తన గురించి చెప్పుకోవడం మామూలు. నేను మాత్రం ఇవాళ తిరుపాలు గురించి మాట్లాడాలి. కొత్తగా వచ్చిన వాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను, తిరుపాలు మన తోటమాలి. అసలు వృత్తి తాపీ పని. కాంపౌండ్ గోడ కట్టడానికి వచ్చి, గోడ అయిపోయాక వెనక్కి తిరిగి చూసి, "ఇంత గోడ కట్టి లోపల ముళ్లకంప పెంచుకుంటారా?" అని అప్పటి సూపరింటెండెంట్ గారినే నిలదీసి, ఇక్కడే ఉండిపోయాడు. మన మెట్ట ప్రాంతంలో బోర్లు ఎండిపోయిన ఏడాది కూడా, వాష్‌బేసిన్ల నీళ్లు పైపులతో మళ్లించి చెట్లను బతికించాడు. ఈ ఎండాకాలంలో ఆ పైపు చేతిలో ఉండగానే గుండె ఆగి పడిపోయాడు. క్యాజువాలిటీ గుమ్మానికి ఎదురుగానే పడ్డాడు. అయినా మేం దక్కించుకోలేకపోయాం.

అతను నెమ్మదస్తుడేమీ కాదు. గేటు ముందు గులాబీ తోటలో ఎవరైనా చెయ్యి పెడితే చాలు, ఎవరని చూసేవాడు కాదు. మన ఫార్మసిస్టు సురేశ్‌బాబు పెళ్లైన కొత్తలో ఒక్క గులాబీ కోశాడని, "నీ పెండ్లానికి పువ్వు కావాలంటే బజారుకు పోయి కొనుక్కో, పేషెంట్ల పూలు నీకెందుకురా?" అని అందరి ముందూ కడిగేశాడు. (నవ్వులు) నవ్వుతున్నావు సురేశ్, ఆ రోజు మాత్రం నీ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పిల్లల వార్డు ముందు చెట్టును ఏనుగులాగా కత్తిరించాడు. దానికి తొండం ఏనాడూ సరిగ్గా కుదరలేదు. పిల్లలు దాన్ని పంది అంటే ఉడుక్కునేవాడు. కాన్పుల వార్డు బయట, కాలు నిలవక తిరిగే మగవాళ్ల కోసం బండలు పరిచి దారి వేసి, ఆ దారి పొడుగునా నందివర్ధనం నాటాడు. ఇవన్నీ మీరు చూసినవే.

మీరు సరిగ్గా చూడనిది మార్చురీ వెనక తోట. చూడకపోవడంలో మీ తప్పు లేదు, అక్కడికి పోవాలని ఎవరికీ ఉండదు. పోస్ట్‌మార్టం అయి శవాన్ని ఇచ్చేదాకా ఇంటివాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. అంతకుముందు వాళ్లు రాళ్ల మీద, ఎండలో, కుక్కల మధ్య కూర్చునేవాళ్లు. తిరుపాలు ఆ నేల చదును చేసి, జువ్విచెట్లు పెంచి, చుట్టూ అరుగు కట్టి, ఒక కుళాయి పెట్టి, కాసిని క్రోటన్లు నాటాడు. అంతే. ఒక్క పూలమొక్క లేదు. అందుకే అందరూ అది సగంలో వదిలేసిన తోట అనుకుంటారు.

ఈ రోజు పొద్దున నా ఆఖరి డ్యూటీకి వస్తుంటే గేటు దగ్గర వ్యాను నిండా మొక్కలున్నాయి. మల్లె, సన్నజాజి, సంపంగి. ఏందిరా ఇవి అంటే, "మీకు సర్‌ప్రైజ్ మేడమ్! మార్చురీ వెనక తిరుపాలు వదిలేసిన తోటను ఆయన పేరు మీద పూర్తి చేస్తున్నాం" అన్నాడు సురేశ్‌బాబు. సభ అయ్యాక మస్తానమ్మ చేత మొదట సన్నజాజి నాటిస్తారట. తర్వాత రామనారాయణ గారు నాటుతారట.

రామనారాయణ గారూ, మీ మనసు మంచిది. సురేశ్, నీ మనసూ మంచిదే. మంచి మనసుతో చేస్తున్న పనికి అడ్డం పడటం నాకు కష్టంగా ఉంది. కానీ ఇప్పుడు చెప్పకపోతే ఇంకో గంటలో ఆ పని జరిగిపోతుంది. దయచేసి ఆ తోటలో పూలు నాటకండి.

ఎందుకో చెబుతాను. తిరుపాలుకు ఒక కూతురుండేది, ప్రేమలత. ఇంటర్ చదివేది. కాలేజీ నుంచి వస్తూ ఆటో బోల్తా పడి చనిపోయింది. వేరే ఊళ్లో, పెద్ద ఆసుపత్రిలో ఆ పిల్ల శవం కోసం తిరుపాలూ మస్తానమ్మా పగలంతా కూర్చున్నారు. వాళ్లు కూర్చున్నది సన్నజాజి పందిరి కింద. నీడ ఉందని ఎవరో పుణ్యాత్ములు అక్కడ కూర్చోబెట్టారు. ఇంటికి వచ్చాక వాళ్ల గుడిసె పక్కన, ఆ పిల్ల తన చేత్తో పెట్టుకున్న సన్నజాజి తీగ పూసి ఉందట. మస్తానమ్మ దాన్ని వేళ్లతో సహా పీకేసింది.

ఆ మార్చురీ తోట వేసేటప్పుడు, "పూలు పెట్టవా తిరుపాలూ, ఇంత బోడిగా ఉందేంది?" అని నేనే అడిగాను. పార పక్కన పెట్టి అతను చెప్పిన మాటలు ఇవి.

"వద్దు సిస్టరమ్మా. ఆడ కూర్చున్నోళ్లు ఆ వాసన ఇంటికి మోసకపోతారు. రేపు ఏ పెండ్లిలోనో ఆ వాసన తగిలితే మళ్లీ ఈడికే వచ్చి పడతారు. మా ఆడమనిషి తల్లో పువ్వు పెట్టి ఎన్నేండ్లయ్యిందో నాకు తెలుసు. నీడ ఉండాది, నీళ్లు ఉండాయి, చాలు. ఇంకొకళ్ల ఇంట్లో పూలచెట్టు పీకించే పని నాకొద్దు."

అతను పోయిన రోజు, పనిలో ఉండగా పోయాడు కాబట్టి పోస్ట్‌మార్టం తప్పదన్నారు. అతన్ని ఆ మార్చురీలోకే తీసుకుపోయారు. మస్తానమ్మ అదే జువ్విచెట్టు కింద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ రోజుది ఏ వాసనా నాకు గుర్తు లేదు. అతను చేసిన పని ఏమిటో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. నేను నర్సుని, చావులు చూసిన దాన్ని, అయినా ఏడ్చాను.

పొద్దున వ్యాను చూశాక మస్తానమ్మ దగ్గరికి వెళ్లి, నీకు తెలుసా అని అడిగాను. "చెప్పినారు సిస్టరమ్మా. పెద్దోళ్లు ఆయన పేరు మీద ఇంత చేస్తా ఉంటే వద్దని ఎట్టా చెప్పేది? ఊపిరి బిగబట్టి నాటేస్తాలే" అంది. ఆమె నోరు తెరిచి వద్దనదు. ఆమె తరఫున నేను అంటున్నాను. మీరు వేదిక మీద వేసిన మల్లెదండ నేను వెంటనే తీసి లోపలికి పంపిస్తే, మేడమ్‌కి రిటైరయ్యే రోజు కూడా పొగరు తగ్గలేదని వెనక ఎవరో అన్నారు. పొగరు కాదమ్మా. ఎదురుగా ఆమె కూర్చుని ఉంది.

రామనారాయణ గారూ, మొక్కలు వృథా కావు. కాన్పుల వార్డు ముందు నాటించండి, ఎంత వాసన వస్తే అంత మంచిది. కానీ ఆ వెనక తోట ఉన్నట్టే ఉండనివ్వండి. అది పూర్తయిన తోటే. మీ మాట కావాలి నాకు. (రామనారాయణ గారు లేచి నిలబడి, మస్తానమ్మకు చేతులు జోడించి, తల ఊపారు.) సంతోషం బాబూ.

(ఒక సిస్టర్ వేదిక దగ్గరికి వచ్చి మేడమ్ చెవిలో చెప్పింది.)

క్షమించండి. పొద్దున ఉదయగిరి రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయిన కుర్రాడి తల్లి ఇప్పుడే వచ్చిందట. హన్నమ్మ అని, వెంట ఎవరూ లేరట. జువ్విచెట్టు కింద కూర్చోబెట్టారు. ఈ షామియానాకూ ఆ చెట్టుకూ మధ్య ఉన్నది ఒక్క గోడే, ఈ మైకు ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది.

నా డ్యూటీ సాయంత్రం దాకా ఉంది, నేను ఆమె దగ్గరికి పోతాను. నన్ను ఇంటిదాకా సాగనంపడానికి పిలిపించిన మేళం వాళ్లకు టీ ఇచ్చి పంపేయండి. ఇన్నేళ్లు నా కోపాన్ని భరించిన మీ అందరికీ నా కృతజ్ఞతలు. దయచేసి ఎవరూ చప్పట్లు కొట్టకండి.

సెలవు.