సుద్దముక్కతో గీసిన వంటిల్లు

సుద్దగారా? ఆ పేరు నీకెవరు చెప్పారే? ఆఫీసులో ఇంకా అనుకుంటున్నారా? పోయి ఎన్నేళ్ళయింది, ఇంకా ఆయన జపమేనన్నమాట. సరే కూర్చో, చెప్తాను. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. ఇల్లు కట్టుకునేవాళ్ళు అనుమతుల గురించి వచ్చి అడిగే కిటికీ ఉందే, ఈ సోమవారం నుంచి నువ్వు కూర్చుంటున్నది, అదే ఆయన కిటికీ. అప్పుడు ఈ అద్దాలూ కంప్యూటర్లూ ఎక్కడివి. చెక్క రెక్కల కిటికీ, లోపల ఒక బల్ల, బల్ల మీద రూల్సు పుస్తకం, దాని మీద సుద్దముక్కల డబ్బా. అంతే. పోనీ మనిషి ఏమన్నా అందగాడా అంటే అదీ లేదు. బక్కపలచటి మనిషి, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని వచ్చేవాడు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు ఎప్పుడూ తెల్లగా ఉండేది. జనం మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. నాకెలా తెలుసంటావా, ఆఫీసుకి రోడ్డు అవతల, సరిగ్గా ఎదురుగానే కదా నా గది. ప్లాన్లు గీసేది నేను. ఊళ్ళో సగం ఇళ్ళు నా బల్ల మీద పుట్టినవే. గీత గీశానంటే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. పెద్దాఫీసరు ఒకసారి నా ప్లాను చూసి "ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవచ్చయ్యా" అన్నాడు. ఆ మాట ఎవరికన్నా గుర్తుందా? ఉండదు. సుద్ద మాత్రం అందరికీ గుర్తే.

ఏం చేసేవాడంటే, ఎవరన్నా కిటికీ దగ్గరికొచ్చి "అయ్యా, నా స్థలంలో చుట్టూ ఎంత వదలాలి, ఎంత కట్టుకోవచ్చు" అని అడిగారనుకో, అందరిలాగా పుస్తకం తీసి ఫలానా రూలు అని చదివి పంపొచ్చుగా? ఊహూఁ. పక్క తలుపులోంచి బయటికొచ్చి, ఆఫీసు వెనకాల బండలు పరిచిన ఖాళీ ఉందే, ఆ, ఇప్పుడు బళ్ళు పెట్టుకుంటున్నారు, అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద గీసేవాడు. చిన్నది కాదమ్మా, నిజం కొలతతో, ఇల్లంతా. గీసేసి లేచి "రండి బాబూ, మీ ఇంట్లోకి రండి. ఇది మీ గుమ్మం. అటు కాదమ్మా, అటు గోడుంది" అనేవాడు. అదో మెత్తటి గొంతు, పిల్లికి పాలు పోస్తున్నట్టు. ఇక జనం ఆ గీతల్లో తిరగడం. బట్టలు కుట్టే ఆయనైతే పడగ్గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని "మంచం పడుతుందండోయ్, కాళ్ళే కాస్త తలుపు బయటికొస్తున్నాయి" అన్నాడు. మొగుడూ పెళ్ళాలు అక్కడే పోట్లాడుకునేవాళ్ళు, ఆ అల్మారా ఎక్కడ పెడతావు, మీ అమ్మని ఏ గదిలో పెడతావు అని. పోట్లాట అయ్యేదాకా ఆయన పక్కన నిలబడేవాడు, ఆ తర్వాత తడిగుడ్డతో గోడ చెరిపి మళ్ళీ గీసేవాడు. నా కడుపుమంట ఏంటంటే, వాళ్ళు పట్టుకొచ్చేది నేను గీసిన ప్లానే. నా దగ్గర "బాగుందండీ, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు" అని మడతపెట్టుకుని, రోడ్డు దాటి తిన్నగా అక్కడికి పోయేవాళ్ళు. ఆయన దాన్ని చూసి నేల మీద దింపేవాడు. అప్పుడనేవాళ్ళు, "ఓహో, ఇదా మా ఇల్లు" అని. మరి నేను ఇచ్చిందేంటయ్యా, విస్తరాకా?

నవ్వకు. నీకు నవ్వుగా ఉంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం అన్నం సహించేది కాదు నాకు.

సరే, మన ఇంటి సంగతికొస్తా. ఈ స్థలం కొన్నాం. నువ్వు చూస్తున్నావుగా ఎంత సన్నమో, రైలు పెట్టెలాగా. ఎడం పక్క పొరుగింటి గోడకి ఆనుకుని కట్టుకోవచ్చు, కుడి పక్క మాత్రం ఖాళీ వదిలి తీరాలి. రూలు అది. నేను ఏం చేశానంటే, మెట్లు కుడి పక్కన పెట్టాను, చూడ్డానికి దర్జాగా ఉంటాయని. అప్పుడు వంటిల్లు ఎడం పక్క గోడకి పోయింది. దానికి కిటికీ పెట్టడానికి లేదు కదా, పొరుగువాడి గోడ అడ్డం. పైన గాలికి చిన్న వెంటిలేటరు చూపించాను. మీ నానమ్మ ప్లాను చూసి, "ఏవండీ, నేను పొద్దస్తమానం ఈ చీకట్లోనే ఉండాలా" అంది. "లైటు వేసుకోవే" అన్నాను. ఇంతలో ఆఫీసు నుంచి ప్లాను వెనక్కొచ్చింది. వంటింటికి గాలీ వెలుతురూ చాలవు, మార్చి తెండి అని. ఊరందరికీ ప్లాన్లు గీసేవాడి సొంత ఇంటి ప్లాను వెనక్కి. తల కొట్టేసినట్టయింది. పెద్దాఫీసరుతో మాట్లాడతాను, నా గీత సంగతి ఆయనకి తెలుసు అని బిగుసుకుని కూర్చున్నాను. వారాలు గడుస్తున్నాయి, నేను కదలను, మీ నానమ్మ పోరు ఆగదు. ఏం చేసిందో తెలుసా? నాతో ఒక్క మాట అనకుండా, ప్లాను సంచిలో పెట్టుకుని వెళ్ళి ఆయన కిటికీ దగ్గర వరసలో నిలబడింది.

నా గదిలోంచి చూశాను. మొదట ఎవరో అనుకున్నా. ఆ నీలం చీర చూశాక తెలిసింది, మీ నానమ్మే. ఇంట్లో నన్ను పెట్టుకుని, ఊళ్ళో వాళ్ళందరి మధ్యా, ఆయన దగ్గర. కాసేపటికి ఇద్దరూ వెనక్కి వెళ్ళారు. నేనేం దొంగచాటుగా వెళ్ళలేదు, నాకూ ఆఫీసులో పనుంటుందిగా. ప్రహరీ పక్కన నిలబడ్డాను. ఆయన మెట్లు తీసుకెళ్ళి ఎడం పక్క గోడకి పడేశాడు, వంటిల్లు కుడి పక్కకి తెచ్చాడు. కిటికీ గీశాడు. మీ నానమ్మ ఆ సుద్ద వంటింట్లో నిలబడింది. లేని పొయ్యి మీద లేని గిన్నె పెట్టింది. చెయ్యి చాపి పై అరలోంచి ఏదో తీసింది. తర్వాత లేని కిటికీలోంచి అలా బయటికి చూస్తూ ఉండిపోయింది. మొహం ఎలా ఉందనుకున్నావ్? పెళ్ళయినప్పటి నుంచీ నేను ఎన్ని గీసి చూపించానో, ఒక్కదానికి, ఒక్కదానికైనా ఆ మొహం పెట్టలేదమ్మా. ఆ మొహం సుద్దముక్కకి పెట్టింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆయన మీద చెడ్డ అనుమానం కాదు, అలాంటి మనిషి కాదు, మీ నానమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. అదైతే పోట్లాడి తేల్చుకోవచ్చు. దీన్ని ఎవరితో తేల్చుకోను?

అయితే నా కన్ను ఊరుకోదుగా. సుద్దతో వచ్చిన చిక్కేంటంటే, నేల మీద గీస్తే పొడుగూ వెడల్పూ తెలుస్తాయి, ఎత్తు తెలియదు. మెట్లు ఎడం పక్కకి మార్చాడు బాగానే ఉంది, ఆ మెట్ల కిందుగా స్నానాల గదికి దారి. నేను తిన్నగా గీతల్లోకి వెళ్ళి నిలబడి, "అయ్యా, ఇక్కడ నా నెత్తి మీద మెట్టు ఎక్కడుంటుంది?" అన్నాను. ఆయన చూశాడు. నా తల వైపు చూశాడు, గీత వైపు చూశాడు. స్నానానికెళ్ళే ప్రతివాడి తలా బద్దలే. అమ్మయ్య, దొరికాడు అనుకున్నా. వరసలో జనం అంతా వెనక్కొచ్చి చూస్తున్నారు కూడా. ఆయన ఏం చేశాడు, పకపకా నవ్వాడు. "అమ్మా, మీవారు పట్టారు, నాకు తట్టనే లేదు. నేనైతే మీ అందరికీ బొప్పి కట్టించేవాణ్ణి" అన్నాడు, అందరికీ వినపడేలా. సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "మీరే సరిచేయండి, ఇది నా వల్ల కాదు" అన్నాడు. నేను కూర్చుని మెట్లు కాస్త ముందు నుంచి మొదలుపెట్టి, మధ్యలో ఒక మలుపు వేసి, తల పైన జానెడు జాగా మిగిల్చాను. అద్భుతంగా కుదిరింది. మరి జనం ఏమన్నారు? "ఎంత మంచివాడండీ సుద్దగారు, తప్పు ఎంత ఒప్పుగా ఒప్పుకున్నాడో" అన్నారు. తప్పు పట్టింది నేను, మెప్పు ఆయనకి. తప్పు చేయడంలో కూడా నన్ను మించిపోయాడు.

అదీ ఈ ఇల్లు. అనుమతి వచ్చింది, కట్టాం, మీ నాన్న ఇక్కడే పుట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా మీ నానమ్మ వాళ్ళని వంటింట్లోకి తీసుకెళ్ళేది. "ఇది సుద్దగారి కిటికీ" అనేది. నేను ముందు గదిలో కూర్చుని వింటూ ఉండేవాణ్ణి. ఆయన పోయిన రోజు ఆ కిటికీ దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఏడవనీ, సాగనంపడానికి నేనూ వెళ్ళొచ్చాను, పెద్ద జనం. కాదనను. కానీ నా మెట్ల గురించి ఒక్కసారి, ఒక్కరితో చెప్పిందా? పోనీ ఎలా చెప్తుంది, తగిలిన తల గురించి అందరూ చెప్తారు, తగలని తల గురించి ఎవరు చెప్పుకుంటారు. కిటికీ అయితే వెలుగుతూ కనపడుతుంది. నా పని బొప్పి లేకపోవడం. అది ఎవరికి కనపడుతుంది? తన చివరి రోజుల్లో కూడా మంచం ఆ కిటికీ కిందకే జరపమంది. జరిపాను. ఏం చేస్తాను, నేను గీసిన ఇంట్లో ఆయన గీసిన మూల కావాల్సొచ్చింది ఆవిడకి. మెట్ల దగ్గర ఆవిడ చేసిన పనల్లా ఒకటే, స్నానానికి వెళ్తూ చెయ్యి పైకెత్తి మెట్ల అడుగు తడుముతూ వెళ్ళేది, రోజూ. బూజు పట్టిందేమోనని. శుభ్రం పిచ్చి ఎక్కువ కదా. నడవలేకపోయాక కూడా, మీ అమ్మ పట్టుకుని తీసుకెళ్తుంటే, ఆగి మరీ...

ఏంటీ?

బూజు కోసం కాదా? మరి దేనికి?

మీతో అలా అనేదా? ఎత్తుకుని మీ చేతులు కూడా అక్కడ ఆనించేదా? "ఇది తాతయ్య చెయ్యి, మన తలల మీద పెట్టాడు" అనేదా? ఎప్పుడు? నీ చిన్నప్పటి నుంచా? మీ నాన్నతో కూడానా?

నాతో అనలేదే. ఇంట్లో ఇన్నేళ్ళు, ముందు గదిలోనే ఉన్నానుగా. మీ అందరితో అంది, నాతో అనలేదేం?

చీకటి పడింది, లైటు వెయ్యి. ఉండు, వద్దులే. నా చేతికర్ర ఇటివ్వు, స్నానాల గది దాకా వెళ్ళొస్తా. పట్టుకోనక్కర్లేదు, నాకు దారి తెలుసు.