గోతిలో దొరికిన పేరు

గ్వాయాకిల్ నగరంలో ఇంగ్లిషు మాట్లాడే పరీక్షకి ఒకావిడ వచ్చింది. కెనడాలో నర్సు ఉద్యోగం రావాలంటే ఆవిడ ఇందులో నెగ్గాలి. ఎదురుగా పరీక్షాధికారి కూర్చున్నాడు.

“మీకు పేరు ప్రఖ్యాతులు కావాలని ఉందా?”

“ఒకసారి వచ్చాయండీ, చాలు.”

“ఎలా వచ్చాయి?”

“వానలకి మా వీధి ఎలా మునిగిందో టీవీవాళ్లకి చూపిస్తూ, నీళ్లకింద గోతిలో పడ్డాను. దేశమంతా చూసి నవ్వింది.”

“అయ్యో! దెబ్బలు తగిలాయా?”

“పరువుకే తగిలాయి. చర్చిలో ఫాదర్ కూడా నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.”

“అయితే మీడియా వల్ల నష్టమేనంటారా?”

“అలా ఎలా అంటానండీ? ఎన్నేళ్లు మొత్తుకున్నా పట్టించుకోని ఆ గొయ్యి మర్నాడే పూడ్చేశారు!”

పరీక్షాధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు.

“మళ్లీ టీవీలో కనిపించమంటే?”

“మా వీధి దీపాలు వెలగడం లేదండీ. ఏ స్తంభానికి గుద్దుకుంటే బాగుంటుందో చూస్తున్నాను.”