యోబు లేవలేదు, గేదె చేపలేదు

సువార్తమ్మ అని బేతనియపేటలో ఒకామె ఉండేది. మొగుడు యోబు. ఆయన పోయిన మూడో నాటికి ఏమైందంటే, ఇంట్లో గేదె చేపటం మానేసిందంట. పొదుగు చూస్తే కుండంత ఉంది. దూణ్ణి వదిలినా పాలు దింపదు, తవుడు పెట్టినా దింపదు. అట్టానే వదిలేస్తే పొదుగు వాచి గేదె దక్కదు, ఆ ఇంటికి ఉన్న ఆధారం అదొక్కటే మరి. యోబు ఉన్నన్నాళ్ళూ ఆయనే పితికేవాడు. గేదె డొక్కకి తల ఆనించి ఏదో గొణిగేవాడంట, గొణుగుతా ఉంటే జయ్యిమని దిగేయంట పాలు. ఏం గొణిగేవాడో పెళ్ళాం ఏనాడూ అడగలా. ఎందుకడుగుద్ది, మీ ఇళ్ళల్లో మీరడిగారా?

జ్ఞానసుందరం గారని పేటలో గుడికి అయ్యగారు, పాస్టరనుకో. ఆయన దగ్గరికి పోయి, "అయ్యగారూ, చచ్చిపోయినోళ్ళు ఏం చేస్తా ఉంటారు?" అనడిగింది. ఆయన మెత్తగా, "నిద్రపోతా ఉంటారమ్మా. కడబూర మోగినప్పుడు ప్రభువే లేపుతాడు" అన్నాడు. ఓదార్చాననుకున్నాడు పాపం. ఈమె ఇంటికి నడుస్తా ఏమనుకుందంటే, నిద్రేగా, లేపి ఒక్క మాట అడిగి మళ్ళీ పడుకోమంటే పోలా, ముప్పై ఏళ్ళు పొద్దున్నే లేపిందాన్ని, నాకు కొత్తా, అనుకుందంట.

అనుకుని, పక్కూళ్ళో సోదె చెప్పే పుల్లమ్మని పిలుచుకొచ్చింది. యేసయ్యని నమ్ముకోకముందు మన పెద్దోళ్ళు చేసేవాళ్ళు చూడు, చాటలో బియ్యం పోసి, దీపం పెట్టి, చచ్చినోళ్ళని పిలిచి మాట్లాడించేది, అదన్నమాట. పట్టపగలు పది గంటలప్పుడు, గేదె కొట్టం ముందరే. పేట పేటంతా వచ్చి కూర్చుంది. పుల్లమ్మ ఊగింది, ఆవలించింది, "యోబూ, యోబూ" అని పిలిచింది. పలకలా. "గట్టిగా పిలువమ్మా, మంచం విరిగినా లేచే మనిషి కాదాయన" అంది సువార్తమ్మ. గట్టిగా పిలిచింది. అప్పుడు పలికిందంట, "వచ్చా సువార్తా, నీ చేతి పులుసు తిని ఎన్నాళ్ళయిందో" అని. సువార్తమ్మ తల అడ్డంగా ఊపింది. "ఈయనెవరో గానీ మా ఆయన కాదు. నా పులుసు ఆయన కుడితిలో పోసేవాడు. పంపించెయ్యి" అంది. పంపించేసింది. మళ్ళీ పిలిస్తే ఈసారి ఎవరొచ్చారనుకున్నారు, అత్త రిబ్కమ్మ. పోయి పదేళ్ళయింది. "ఆడు లేవట్లేదే. భుజం పట్టి కుదిపితే అటు తిరిగి పడుకున్నాడు. నేనే వచ్చా" అందంట. వచ్చి ఊరుకుందా, పేడ ఎత్తేది అట్టానా, పలుపు కట్టేది అట్టానా అని మొదలుపెట్టింది. సువార్తమ్మ చప్పున లేచి నిలబడి కొంగు సర్దుకుందంట. భయంతో కాదు, అలవాటు కొద్దీ.

ఈలోపు కబురంది అయ్యగారు సైకిలేసుకుని వచ్చాడు. "చచ్చినోళ్ళ దగ్గర విచారణ చెయ్యొద్దని వాక్యం చెప్తన్నా వినరే. వాళ్ళు పలకరమ్మా, పలికేది వాళ్ళు కాదు" అన్నాడు. అంతలోకే పుల్లమ్మ నోట్లోంచి రిబ్కమ్మ, "నువ్వా అయ్యా. నన్ను పాతిపెట్టేనాడు పాట పూర్తిగా పాడనీకుండా తొందరపెట్టింది నువ్వేగా" అంది. అయ్యగారి మొహం కందిపోయింది. "వానొస్తందమ్మా ఆ రోజు, నేనేం చేసేది, రెండు చరణాలు పాడించా" అన్నాడు. "ఒకటే" అంది. "రెండు" అన్నాడు. ఒకటే, రెండు, ఒకటే, రెండు, అట్టా చాలాసేపు సాగిందంట. మా నాయన అక్కడే ఉన్నాడు. ఆయన ఉండబట్టలేక, "అయ్యగారూ, తమరు ఎవరితో మాట్లాడతన్నారు?" అన్నాడు. అయ్యగారు టక్కున నోరు మూసుకుని, పుల్లమ్మని ఎగాదిగా చూసి, "నువ్వొచ్చావు కదూ ఆ రోజు?" అన్నాడు. "మీకు గొడుగు పట్టింది నేనేగా" అంది పుల్లమ్మ, మామూలు గొంతుతోనే. అని, దీపం ఆర్పి, బియ్యం కొంగున పోసుకుని, చాట చంకన పెట్టుకుని పోయింది.

అందరూ నవ్వారు గానీ సువార్తమ్మ నవ్వలా. కొట్టం గుంజకి ఆనుకుని, "ఒక్క మాట అడుగుదామనుకున్నా అయ్యగారూ" అని ఏడ్చింది. మొగుడు పోయినాక ఏడవటం అదే మొదలంట. అయ్యగారు తానూ కింద కూర్చుని, "నువ్వు పిలిస్తే ఆయన లేవడమ్మా. నిద్రపోనివాడు ఒక్కడున్నాడు, ఆయన్నడుగు" అన్నాడు. ఏమని అడగాలయ్యా అంటే, నోటికొచ్చిందే అడుగు అన్నాడు. ఇక ఆమె కొట్టం లోపలికి పోయి, గేదె డొక్కకి తల ఆనించి, "ప్రభువా, నాకు ప్రార్థన రాదు. మా ఆయన్ని చల్లగా పడుకోనియ్యి. మా అత్తని కూడా. పుల్లమ్మ ఎండలో పోతంది, చూసుకో" అంది. అట్టా మొదలుపెట్టి, ఇక ఆపటం తెలియక, పేటలో ఇంటింటి పేరూ చెప్పుకుంటా పోయింది. చెయ్యి ఊరికే పొదుగు మీద పడింది. జయ్యిమని దిగినయ్యి పాలు. తపేలా తెచ్చేలోపు, వెనకే వచ్చి నిలబడ్డ అయ్యగారి పంచె తడిసిపోయిందంట.

యోబు గొణిగింది అదేనో, వేరేదో, ఎవరికి తెలుసు. ఏ పేరు దగ్గర చేపిందో సువార్తమ్మకీ తెలియలా. అందుకని బతికినన్నాళ్ళూ పూటపూటా ఒక్క పేరు వదలకుండా చెప్పేది, పోట్లాడినోళ్ళవి కూడా, ఎందుకొచ్చిన పేచీ అని. నేను పెద్దయ్యాక ఒకసారి పోయి, "పెద్దమ్మా, నా పేరుందా?" అనడిగా. "లేకేంరా, నీ పేరు కాడికి వచ్చేసరికి గేదె కాలు ఎత్తుద్ది" అంది. ఎందుకెత్తుద్దో నేనడగలా.